ఒకే కారును రెండుసార్లు తిప్పి పంపాను

మా ఉద్యోగానికి ప్రభుత్వం పెట్టిన పేరు మోటారు వాహనాల తనిఖీ అధికారి. జనం పెట్టిన పేరు బ్రేక్ ఇన్‌స్పెక్టరు. బండ్ల బ్రేకులు చూస్తామని ఆ పేరు పెట్టారో, జరిగే పనులకు బ్రేకులు వేస్తామని పెట్టారో ముప్పై రెండేళ్ల సర్వీసులో నాకు తేలలేదు. పిలిచినప్పుడల్లా పలికాను.

ఈ మధ్య ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీరు మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్ అని అడుగుతుంటారు. వాళ్లు ఎదురుచూసేది అడవి దారుల్లో లారీలను వెంటాడిన కథలు. అలాంటివి నా దగ్గర రెండు మూడున్నాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం మా జీపు చెడిపోయి ఆగిన ముచ్చట్లే. నేను చెప్పేది ఒక పాత కారు సంగతి. దాన్ని నేను రెండుసార్లు ఫెయిల్ చేశాను. రెండుసార్లూ రిపోర్టులో చివరి మాట ఒకటే. మొదటిసారి రాసింది తప్పు, రెండోసారి రాసింది ఒప్పు. ఒకే మాట ఒకసారి తప్పూ ఇంకోసారి ఒప్పూ ఎట్లా అవుతుందో తెలుసుకునేసరికి నాకు రిటైర్మెంటు మూడేళ్ల దూరంలోకి వచ్చేసింది.

అప్పుడు కడప జిల్లాలో పని చేస్తున్నాను. మాది కర్నూలు వైపు. ఎండ నాకు కొత్త కాదు. కానీ ఆ వేసవిలో తనిఖీ మైదానంలో నిలబడితే బూట్ల అడుగులు మెత్తబడి నేలకు అంటుకునేవి. స్కూలు బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరి ఉండేవి. ఆ రోజు ఒక స్కూలు బస్సు యజమానితో గంటసేపు వాదించి గొంతు ఎండిపోయి ఉన్నాను. ఆ వరుస చివర నిలబడి ఉంది ఈ కారు.

ఒకప్పుడు కలెక్టర్లూ, మంత్రులూ తిరిగిన గుండ్రటి రకం. ముందు సీటు బెంచీలాగా ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఉంటుంది. గేరు కింద కాదు, స్టీరింగు పక్కన ఉంటుంది. మీలో చాలామంది దాన్ని ఫోటోల్లోనే చూసి ఉంటారు. ఈ కారుకు పైన పాల తెలుపు, కింద సగం ఎర్రమట్టి రంగు. పక్కన చేతికర్ర ఆనించుకుని యాభై దాటిన మనిషి నిలబడ్డాడు. ఎడమ కాలు మోకాలి కింది నుంచి కట్టుడు కాలు. కారుకు మార్పులు చేశానని, వాటికి అనుమతి కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు.

నేను కిటికీలోంచి తల పెట్టి చూశాను. గేరు కడ్డీకి స్కూటరు క్లచ్ పిడి ఒకటి బిగించి ఉంది. దాని నుంచి ఒక తీగ, ఒక రబ్బరు గొట్టం కిందికి పోతున్నాయి. చూడగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. అంతకు పదేళ్ల ముందు, వేరే ఊళ్లో, ఇంట్లో తయారు చేసుకున్న బండి ఒకదాన్ని నేను పాస్ చేశాను. నెల తిరగకముందే అది కాలువలో పడింది. ఎవరికీ ప్రాణం పోలేదు గానీ, నాకు మెమో వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో బిగించిన తీగ కనబడితే చాలు, నా పెన్ను దానంతట అదే కదిలేది.

"సార్, ఒక తూరి ఎక్కి కూచోండి. తోలి చూపిస్తా" అన్నాడాయన.

"అవసరం లేదప్పా. ఇట్లాంటివి ఒప్పుకోరు."

"ఎందుకొప్పుకోరో రోంత చెప్తే..."

"రిపోర్టులో రాస్తా, చూసుకో."

రిపోర్టులో రాసింది ఒక్క ముక్క: నిబంధనలకు విరుద్ధమైన మార్పులు, అనుమతి ఇవ్వడానికి వీలు లేదు. ఏ నిబంధనో రాయలేదు. రాయమంటే వెతుక్కోవలసి వచ్చేది. నిజానికి అంగవైకల్యం ఉన్నవాళ్ల కోసం బండిలో మార్పులు చేసుకోవడానికి చట్టంలో దారి ఉంది. అది నాకు తెలుసు. తెలిసీ రాశాను. భయం అని రాయడానికి మొహమాటపడి నిబంధన అని రాశాను. అదీ సంగతి.

ఆయన కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కారెక్కి, ఒక్క కుదుపు లేకుండా వెనక్కి తీసి, రెండు ట్రాక్టర్ల మధ్య సందులోంచి మూల తిప్పి తీసుకుపోయాడు. ఆ సందులో నేను సైకిల్ కూడా తొక్కలేను. అప్పటికైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. మజ్జిగ తాగడానికి వెళ్లాను.

వారం తర్వాత ఒక సోమవారం పొద్దున ఆఫీసుకు ఒకామె వచ్చింది. తెల్ల చీర, భుజాన బ్యాగు. పల్లెల్లో టీకాలు వేసే నర్సమ్మ అని చూడగానే తెలుస్తుంది. నేరుగా నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"మా కారు చూసింది మీరేనా సార్?"

"ఏ కారమ్మా?"

"తెల్లది, కింద ఎర్రది. మా ఆయనకు ఎడమకాలు లేదు."

"ఆ, నేనే చూసినా."

"ఎక్కినారా?"

నేను ఫైళ్ల వైపు చెయ్యి చాపాను. ఆమె ఆగలేదు.

"నేను ఇరవై రెండేండ్లుగా సూదులేస్తాండా సార్. బిడ్డ ఒళ్లు ముట్టుకోకుండా జరం ఎంతుండాదో యానాడూ రాయలేదు. మీరెట్ల రాసినారు? మా ఆయన రెండున్నరేండ్లు ఆ కారు కింద పండుకున్యాడు. మీరు రెండు నిమిషాలు దాని లోపల కూచోలేకపోతిరే!"

మామూలుగా మా దగ్గరికొచ్చేవాళ్లు బతిమాలుతారు, లేదంటే ఎవరో పెద్దమనిషి చేత ఫోన్ చేయిస్తారు. ఈమె రెండూ చేయలేదు. చీటీ చేతికిచ్చే డాక్టరులాగా మాట్లాడింది.

"ఆదివారం కూడా పెట్టుకోండి దరఖాస్తు, మళ్లీ చూస్తాం" అన్నాను తికమకగా.

"ఆదివారం మీ ఆఫీసే ఉండదు కదా సార్" అని, మళ్లీ పరీక్ష కోరుతూ తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటమ్మ ఉండేది. నాకంటే ముందు రిటైరవ్వాల్సిన మనిషి. ఆఫీసులో అధికారులు మారుతుండేవారు గానీ, ఆమె అభిప్రాయాలు మారేవి కావు. ఫైలు మీద నుంచి తల ఎత్తకుండానే అంది:

"ఆయమ్మ అడిగిందాంట్లో తప్పేముండాది సార్? పెండ్లిచూపులకు పోయినా లోపలికి పోయి కూచుంటారు. వాకిట్లో నుంచే పిల్ల బాగాలేదని ఎవురూ రాయరు."

ఆ రోజే సాయంత్రం ఆ దరఖాస్తు తీసి అడ్రసు చూశాను. మైదుకూరుకు ఆరేడు మైళ్ల దూరంలో పల్లె. మళ్లీ పరీక్షకు ముందు, బండి ఎట్లా తయారైందో ఇంటి దగ్గరే చూస్తానని కబురు చేశాను.

వెళ్లేసరికి ఇంటి పక్క రేకుల షెడ్డులో కారుంది. షెడ్డు నేలంతా నల్లటి కడప బండలు. వాటి మీద పడిన నూనె మరకలు తుడిచీ తుడిచీ బండలు అద్దంలా మెరుస్తున్నాయి. గోడకు పానాలు సైజుల వారీగా వేలాడుతున్నాయి. మా డిపార్టుమెంటు గ్యారేజీలో నేనెప్పుడూ అంత శుభ్రం చూడలేదు.

ఆయన కుర్చీ వేసి, వక్కపొడి డబ్బా ముందు పెట్టి, తన కథ చెప్పాడు. పాతికేళ్లు లారీ తోలాడు. అంతకు ముందు, పద్దెనిమిదేళ్ల వయసులో, పక్క ఊరి పెద్ద రైతు ఇంట్లో డ్రైవరుగా చేరాడు. చేతికి వచ్చిన మొదటి బండి ఇదే కారు. ఎన్నికలకూ, పెళ్లిళ్లకూ, పురుళ్లకూ అన్నిటికీ ఇదే తిరిగింది. తర్వాత ఆ ఇంటికి కొత్త కార్లు వచ్చాయి. ఇది గొడ్ల కొట్టంలో పడింది.

"నేను చూసేతలికి వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టుండాది సార్. ముందు సీట్లో మేక. స్టీరింగు పట్టుకోలేదు గానీ, డ్రైవరు మాదిరే కూచోనుండాది" అని నవ్వాడు. "ఆ ఇంటి కొడుకు తీసుకపో అన్న్యాడు. కొట్టం ఖాళీ అయితే చాలన్న్యాడు. ఎద్దులబండికి కట్టి లాక్కొచ్చినా."

కాలు పోయిన సంగతి కూడా అంతే తేలిగ్గా చెప్పాడు. కర్నూలు రోడ్డు మీద లారీ పక్కకు ఆపి టైరు మారుస్తుంటే వెనక నుంచి వచ్చిన బండి తగిలింది. "పాతికేండ్లు తోలేటప్పుడు ఒక్క దెబ్బ తగల్లేదు సార్. ఆగి నిలబడినాక తగిలింది. ఆగితే ఇట్లే ఉంటాది."

తర్వాత నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్నాడు. నర్సమ్మకు స్కూటరు ఉంది. యాడికి పోవాలన్నా ఆమె తోలాలి, ఆయన వెనక కూర్చోవాలి. ఊళ్లో పిల్లలు నవ్వేవారట. ఆయనకు పిల్లల నవ్వు పెద్ద లెక్క కాదు. "నవ్వితే నవ్వనీలే సార్. ఆయమ్మ బ్రేకు కొట్టినప్పుడల్లా నా కుడికాలు ఊరికే నేలకు నొక్కుకుంటాది. దాన్ని ఆపలేకపోయినా" అన్నాడు. ఆ మాట దగ్గర మాత్రం ఆయన నవ్వలేదు.

కారు అడుగు రేకంతా తుప్పు. కడపలో ఉండే ఒక ముసలి రేకు పని మేస్త్రీ, ఆయన పాత స్నేహితుడు, ప్రతి శుక్రవారం నమాజు తర్వాత బస్సెక్కి వచ్చి, చీకటి పడే లోపు ఒక ముక్క అతికి వెళ్లేవాడట. అట్లా ఏడాది. ఇంజను విప్పి పరచిన రోజుల్లో ఇంట్లో అన్నం తినే పళ్లాలు కూడా మిగల్లేదని, అన్నిట్లోనూ బోల్టులే ఉండేవని నర్సమ్మ లోపలి నుంచి గట్టిగా చెప్పింది. సీట్లు తానే కుట్టాడు. రంగు తానే కొట్టాడు. కింద ఎర్రమట్టి రంగు ఎందుకంటే, మన దుమ్ము పడినా కనబడదని.

ఇక క్లచ్. ఎడమకాలు లేనివాడికి కారులో కుదరని పని అదొక్కటే. కుడికాలు బ్రేకుకూ యాక్సిలేటరుకూ సరిపోతుంది. క్లచ్‌ను చేత్తో నొక్కాలంటే చాలా బలం కావాలి. ఈయన పాత వ్యాను ఒకదాని నుంచి బ్రేకు తేలిక చేసే ఇనుప డబ్బా తెచ్చాడు. ఇంజను గాలి పీల్చుకుంటుంది కదా, ఆ పీల్పునే డబ్బాలోకి మళ్లించాడు. గేరు కడ్డీ మీద స్కూటరు పిడి వేలితో నొక్కితే చాలు, డబ్బా క్లచ్‌ను లాగేస్తుంది. ఎడమ చేత్తోనే క్లచ్చూ గేరూ రెండూ, అచ్చం స్కూటరులాగానే.

నేను ఎక్కి కూర్చున్నాను. పల్లె చుట్టూ, పసుపు తోటల మధ్య మట్టి దారిలో తిప్పాడు. గేరు మారినట్టు చెవికి తెలుస్తుంది గానీ ఒంటికి తెలియదు. దిగేటప్పుడు నాకు నా పాత రిపోర్టు గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

"తప్పు నాదే" అన్నాను. "ఎక్కి చూడకుండా రాసినా."

"పోనీలే సార్" అన్నాడాయన. నర్సమ్మ మాత్రం "అవును" అంది.

అంతటితో పాస్ అని రాసేస్తే కథ సుఖంగా ముగిసేది. నేను కూడా మంచివాణ్ణి అయిపోయేవాణ్ణి. కానీ సిగ్గుపడి పాస్ చేయడం, భయపడి ఫెయిల్ చేయడం రెండూ ఒకటే జాతి. అందుకే అన్నాను: "ఘాట్‌లో చూడల్లప్పా. ఎత్తులో ఆపి, మళ్లీ లేపల్ల."

ఆయన కళ్లు మెరిశాయి. "గువ్వలచెరువు ఘాటా సార్? దాంట్లో నేను కొన్ని వందల తూర్లు ఎక్కి దిగినా."

ఒక బుధవారం పదకొండు గంటలకు కడప నుంచి బయలుదేరాం. ఆయన తోలుతున్నాడు, నేను పక్కన. వెనక సీట్లో నర్సమ్మ కూర్చుంది. ముందు సీట్లో ముగ్గురికి చోటున్నా వెనకే కూర్చుంటానంది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఘాట్ మొదటి మలుపులు హాయిగా సాగాయి. ఆయన ఏ మలుపులో ఏ లారీ ఎప్పుడు ఆగిపోయిందో చెబుతూ తోలుతున్నాడు. సగం ఎక్కాక మా ముందు బండలు వేసుకున్న లారీ ఒకటి నత్తలాగా పాకుతోంది. దాటడానికి చోటు లేదు. దాని వెనకే మేమూ పాకాం. ఎండ నెత్తి మీదుంది. బాగా నిటారుగా ఉన్న మలుపులో లారీ ఆగింది. మేమూ ఆగాం. అంతే, మా ఇంజను దగ్గి, నిలిచిపోయింది.

పాత కార్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఎండకు పెట్రోలు గొట్టంలోనే మరిగి ఆవిరైపోతుంది. దానికి మందు తడిగుడ్డ. కానీ ఇంజను ఆగిందంటే డబ్బాలో పీల్పు పోయింది. పీల్పు పోతే క్లచ్ లేదు. ఆయన కుడికాలితో బ్రేకు తొక్కిపట్టి, కుడిచేత్తో హ్యాండ్ బ్రేకు లాగాడు. అది పట్టీపట్టనట్టు పట్టింది. కారు జానెడు వెనక్కి జారింది. మా వెనక లోయ, లోయకు ముందు మూడు లారీలు.

నేను నోరు తెరిచేలోపే వెనక తలుపు చప్పుడైంది. నర్సమ్మ దిగిపోయింది. రోడ్డు పక్క నుంచి పెద్ద రాయి ఒకటి దొర్లించుకొచ్చి వెనక టైరుకు అడ్డం పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఎవరూ చెప్పలేదు. ఆ పని ఆమెకు అలవాటైన పని అని ఆ వేగం చూస్తేనే తెలిసింది.

నేను దిగి బానెట్ ఎత్తి, నా భుజం మీది తువ్వాలు తాగే నీళ్లతో తడిపి పెట్రోలు పంపు మీద వేశాను. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. ఒక లారీ డ్రైవరు తిట్టడానికే దిగి వచ్చాడు. కిటికీలో మొహం చూసి తిట్టు సగంలో మింగాడు.

"అన్నా! నువ్వా! నువ్వు మళ్లా ఘాట్ ఎక్కుతాండావా?"

"ఎక్కుతాండా, రోంత ఆగప్పా, ఈ సార్ పరీక్ష పెట్టినాడు."

ఆ డ్రైవరు నా వైపు చూసిన చూపును నేను ఇక్కడ రాయలేను. కానీ మనిషి మంచివాడు. వెనక్కి పోయి హారన్లన్నీ ఆపించాడు.

పది నిమిషాల తర్వాత బానెట్ మూసి నేను ఎక్కాను, ఇంజను లేచింది. ఇప్పుడు కుడికాలు బ్రేకు మీది నుంచి యాక్సిలేటరు మీదికి పోవాలి. ఆ క్షణంలో బండిని పట్టుకోవాల్సింది హ్యాండ్ బ్రేకు. అది జారింది. కారు రాయికి కొట్టుకుని, ఇంజను మళ్లీ ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారి కదిలింది. కదిలిన కారును అక్కడ ఆపితే మళ్లీ అదే గొడవ కాబట్టి ఆయన ఆపకుండా పైకి తోలాడు. నర్సమ్మ తెల్ల చీర చెంగు నెత్తిన వేసుకుని, ఆ రాయి రోడ్డు మధ్యలో ఉండిపోకుండా పక్కకు నెట్టి, నడుచుకుంటూ రాసాగింది. సమంగా ఉన్న చోటు దొరికే వరకు అర మైలు నడిచింది.

పైన గువ్వలచెరువులో పాలకోవా అంగడి ముందు ఆగాం. ముగ్గురికీ ఆకుల్లో కోవా వచ్చింది. ఎవరూ నోట్లో పెట్టుకోలేదు. ఆయన నా మొహం చూస్తున్నాడు. ఒకసారి అన్యాయంగా కాదన్న మనిషికి, ఈసారి న్యాయంగానే కాదని చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"నర్సమ్మ లేకుండా నువ్వొక్కడివే వచ్చినావనుకో. ఏమయ్యేది?" అన్నాను.

ఆయన కోవా ఆకును పక్కకు జరిపాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నాకూ తెలుసు సార్. హ్యాండ్ బ్రేకు సంగతి, డబ్బా సంగతి రెండూ తెలుసు. ఆయమ్మ ఉండాది కదా, రాయి పెడతాది కదా అని ఊరుకున్యా."

"నేను ఇంటి కాడనే చెప్తాంటి" అంది నర్సమ్మ. "వినలేదు. తిను ముందు."

అక్కడే బల్ల మీద కూర్చుని రిపోర్టు రాశాను. చివర్లో అనుమతి ఇవ్వడానికి వీలు లేదనే రాశాను. కానీ ఈసారి ఆ మాటకు ముందు పేజీన్నర ఉంది. ఇంజను ఆగినా కనీసం నాలుగుసార్లు క్లచ్ పనిచేసేటట్టు పీల్పును దాచుకునే ఏర్పాటు కావాలి. హ్యాండ్ బ్రేకు నిటారు ఎత్తులో మనిషి సాయం లేకుండా బండిని పట్టాలి. పంపుకూ, వేడి గొట్టానికీ మధ్య రేకు అడ్డం ఉండాలి. ఏది ఎందుకో కూడా రాశాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి కాగితంలాగా మడిచి జేబులో దూర్చలేదు. నా పెన్ను అడిగి తీసుకుని, అంచులో ఏదో లెక్క గీసుకోవడం మొదలుపెట్టాడు.

"లారీల్లో గాలి దాచే తొట్టి ఉంటాది కదా సార్, చిన్నది దొరికితే..."

"దొరికితే గాలి ఒకే పక్కకు పోయే వాల్వు పెట్టు. లేకుంటే పీల్పు వెనక్కి పోతాది."

"అది తెలుసులే సార్" అన్నాడు, నేనేదో అక్షరాలు నేర్పుతున్నట్టు. అప్పుడు ముగ్గురం కోవా తిన్నాం.

నెలన్నర తర్వాత మళ్లీ అదే ఘాట్. తొలకరి పడి కొండలు కాస్త పచ్చబడ్డాయి. నేను పెట్టిన షరతు ఒక్కటే, నర్సమ్మ కార్లో ఉండకూడదు. ఆమె ముందే బస్సెక్కి పైకి పోయి అంగడి దగ్గర కూర్చుంది. నేను మాత్రం పక్క సీట్లో బియ్యం మూట మాదిరి కూర్చుంటానని, మాట సాయం కూడా చేయనని చెప్పాను.

అదే నిటారు మలుపుకు వచ్చాం. "ఆపు" అన్నాను. ఆపాడు. "ఇంజను కూడా ఆపు." తాళం తిప్పాడు. "హ్యాండ్ బ్రేకు వేసి కాలు తియ్యి."

కాలు తీశాడు. వెనక లోయ ఎంత లోతో ఈసారి ఇంకా బాగా కనబడింది. కారు కదల్లేదు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. దూరంగా ఎక్కడో నెమలి అరిచింది. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గుళ్లో కూర్చున్నవాడిలాగా ముందుకు చూస్తున్నాడు. మెడ మీద మాత్రం చెమట కారుతోంది.

ఇంజను లేపకుండానే క్లచ్ పిడి నొక్కమన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగుసార్లూ కింద పెడలు దానంతట అది దిగి లేచింది. ఐదోది అడగలేదు. ఆయనే నొక్కి చూపించాడు.

"ఇప్పుడు లేపు."

ఇంజను లేచింది, క్లచ్ పడింది, గేరు పడింది. హ్యాండ్ బ్రేకు విప్పుతుంటే కారు వెనక్కి జారలేదు, ముందుకు దూకలేదు. నిద్రలోంచి లేచి నడిచినట్టు నడిచింది. మలుపు దాటాక ఆయన అద్దంలో చూస్తున్నట్టు నటిస్తూ మొహం అవతలికి తిప్పుకున్నాడు. నేను కొండల వైపు చూశాను.

అంగడి కనబడగానే హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. అక్కడున్న కుక్కలు లేచిపోయాయి. నర్సమ్మ చెవులు మూసుకుని ఎదురొచ్చింది. "ఏం, నాకేమన్నా చెవుడా? ఎందుకట్ల కొడతాండావు?" అని కసిరి, కిటికీలోకి వంగి నన్ను చూసింది. నేను తల ఊపాను. అప్పుడు ఆమె కారు టాపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. బిడ్డకు సూది వేశాక వీపు తట్టినట్టు.

రిపోర్టు చూసి మా అసిస్టెంటమ్మ, "ఈసారి పెండ్లి కుదిరిందా సార్?" అంది. కుదిరిందన్నాను.

తర్వాత సంగతి కూడా చెప్పాలి. ఈయన కారు చూసి చుట్టుపక్కల నుంచి పోలియో వచ్చినవాళ్లు, ప్రమాదాల్లో కాళ్లు పోయినవాళ్లు ఆ రేకుల షెడ్డుకు రావడం మొదలుపెట్టారు. వాళ్లు తెచ్చినవి కొత్త రకం చిన్న కార్లు. ఈయన వాటికి పిడులూ డబ్బాలూ అమర్చి, అనుమతికి మా ఆఫీసుకు పంపేవాడు. నేను రిటైరయ్యే ఏడాది రాజంపేట నుంచి ఒక బడి మాస్టరు వచ్చాడు. రెండు కాళ్లకూ కాలిపర్స్ అనే ఇనుప కడ్డీల పట్టీలు, చంకల కింద కర్రలు. అనుమతి కోసం కాదు, ఫిర్యాదు చేయడానికి.

"మీరే నయం సార్. ఆయప్ప నన్ను రెండుసార్లు ఘాట్ ఎక్కించి, రెండుసార్లూ ఫెయిల్ చేసినాడు. ఆయప్ప ఏమన్నా ఇన్‌స్పెక్టరా? మీ దగ్గరికి పంపియ్యడంట! మీరు రోంత చెప్పండి సార్."

నాకు నవ్వు ఆగలేదు. "ఎందుకు ఫెయిల్ చేసినాడో చెప్పినాడా?"

మాస్టరు జేబులోంచి కాగితం తీశాడు. నూనె వేళ్ల ముద్రలున్న రూళ్ల కాగితం. గుండ్రటి అక్షరాలతో ఒక్కొక్కటే రాసి ఉంది. బ్రేకు పిడి బిగువు, తీగ వంపు, గేరు ఊగులాట. అన్నీ నేనూ పట్టుకోగలిగినవే. చదువుకుంటూ చివరికి వచ్చాను. చివరిది ఇట్లా ఉంది:

"కర్రలు వెనక సీట్లో ఏసుకోని వచ్చినావు. అట్ల కాదు. నీ చేతికి అందేకాడ కట్టల్ల. బండికి మంట తగులుకుంటే దిగేదెట్ల?"

నేను ఆ ముక్కను మళ్లీ చదివాను. ముప్పై రెండేళ్లలో కాళ్లు లేనివాళ్ల బండ్లు ఎన్నో చూశాను. బ్రేకులు చూశాను, లైట్లు చూశాను, హారన్ కొట్టించి చూశాను. నీ కర్ర ఎక్కడ పెట్టుకుంటావప్పా అని ఒక్కరినీ అడగలేదు.

"ఆయన పాస్ అన్న రోజు రా మాస్టరూ" అని కాగితం తిరిగి ఇచ్చేశాను. ఇచ్చే ముందు ఆ చివరి ముక్కను నా డైరీలో రాసుకున్నాను. సర్వీసు ఇంకా నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలూ నేను మొదట అడిగింది అదే.